జాకెట్టు కుదిరేది భుజం దగ్గర
(కుట్టుపని శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంట్లో నమూనా కాగితం పెట్టుకొని జాకెట్టు కుట్టుకోవడం గురించే ఉన్నాయి. దీపావళికి నెల రోజుల ముందే ఇక్కడి దర్జీలు కొత్త గుడ్డలు తీసుకోవడం ఆపేస్తారు కాబట్టి, మూలనున్న మిషను మీద కప్పిన గుడ్డ తీసి పని మొదలుపెట్టిన వారు చాలామంది ఉన్నట్టున్నారు. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది దాదాపు అందరిదీ కనుక దానికి విపులంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నా ఛాతీ కొలత 38 అంగుళాలు. 38 సైజు అచ్చు నమూనా కాగితం కొని, గీతల వెంబడే కత్తిరించి, అందులో చెప్పిన వరుసలోనే కుట్టాను. అయినా భుజాలు జారుతున్నాయి. వెనుక మెడ దగ్గర గుడ్డ ఉబ్బుతోంది. చేతులు పైకెత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది. ముందు మాత్రం హుక్కుల దగ్గర బిగువుగా ఉంది. తప్పు నా కుట్టుదా, నమూనాదా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, తప్పు మీ కుట్టుదీ కాదు, నమూనాదీ కాదు. మీకు సరిపడని సైజును ఎంచుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఛాతీ చుట్టుకొలత చూసి సైజు కొనడం అందరూ చేసేదే. కాగితం మీద కూడా ఆ అంకెనే పెద్దగా అచ్చు వేస్తారు. కానీ జాకెట్టు ఒంటికి వేలాడేది భుజాల మీద. భుజం, మెడ, చంక ఈ మూడూ కుదిరాక ఛాతీ దగ్గర ఎక్కువ తక్కువలు సర్దుకోవడం కష్టం కాదు. ఛాతీకి సరిపెట్టి భుజాన్ని సర్దబోతే మాత్రం అంతు ఉండదు.

సైజుల వారీగా కాగితపు నమూనాలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ వేర్వేరు సైజుల్లో నమూనాలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇప్పటి వరకు పద్ధతి ఒకటే: ముందుగా ఒక మధ్యస్థమైన శరీరాన్ని ఊహించి ఒక నమూనా గీస్తారు, ఆ తర్వాత దాన్ని అన్ని వైపులా లెక్క ప్రకారం పెంచుతూ, తగ్గిస్తూ మిగతా సైజులు తీస్తారు. అంటే 36 నుంచి 38కి వెళ్లినప్పుడు ఛాతీ ఒక్కటే పెరగదు. వీపు వెడల్పు, భుజం పొడవు, మెడ వెడల్పు, చంక లోతు అన్నీ కొంచెం కొంచెం పెరుగుతాయి. మీకు ఛాతీ ముందు వైపు మాత్రమే నిండుగా ఉండి, భుజాలూ వీపూ సన్నగా ఉంటే, 38 సైజు నమూనా మీకు అక్కరలేని చోట్ల గుడ్డ ఇచ్చి, కావలసిన చోట ఇవ్వకుండా పోతుంది. మీరు రాసిన లక్షణాలన్నీ సరిగ్గా అవే.

ఇందుకు ఒక కొలత అదనంగా తీసుకోవాలి. టేపును చంకల కిందుగా, వీపు మీద అడ్డంగా తిప్పి, ముందు వైపు రొమ్ముల పైభాగం మీదుగా తెచ్చి చూడండి. దీన్ని పై ఛాతీ అనవచ్చు. తర్వాత మామూలుగా నిండు ఛాతీ కొలవండి. విదేశీ పద్ధతిలో గీసే నమూనాలు సాధారణంగా ఈ రెండింటికీ నడుమ 2 అంగుళాల తేడా ఉంటుందని అనుకొని గీసినవి. మీ ఉత్తరంలో పై ఛాతీ కొలత లేదు కాబట్టి, ఉదాహరణకు అది 34 అనుకుందాం. నిండు ఛాతీ 38 కాబట్టి తేడా 4 అంగుళాలు. 34 పై ఛాతీకి గీసిన నమూనా 36 సైజుది. మీరు కొనవలసింది 36. తక్కువపడే 2 అంగుళాలను ముందు భాగంలో మాత్రమే, అంటే కుడి, ఎడమ ముక్కల్లో ఒక్కొక్క అంగుళం చొప్పున కలుపుకోవాలి. వెనుక భాగాన్నీ, భుజాన్నీ, మెడనూ ముట్టుకోకూడదు.

ఆ అంగుళం కలపడానికి పక్క కుట్టు దగ్గర గీత జరిపితే చాలదు; అలా జరిపితే చంక రౌండు పాడవుతుంది, నిండుదనం ఉండవలసిన చోట కాక పక్కకు పోతుంది. కాగితాన్ని చీల్చి విప్పాలి. ముందు భాగం నమూనాను మరో కాగితం మీదకు దించుకోండి. టక్కులన్నీ ఏ బిందువు వైపు చూస్తున్నాయో ఆ బిందువు గుర్తించండి. దర్జీలు షోల్డర్ నుంచి పాయింటు వరకు కొలిచేది అక్కడికే. ఆ బిందువు నుంచి కింది అంచు వరకు నిలువుగా ఒక గీత, అక్కడి నుంచే చంక రౌండులో కింది మూడో వంతు దగ్గరికి ఏటవాలుగా రెండో గీత, పక్క కుట్టు వైపు మూడో గీత గీయండి. మొదటి గీతను కింది నుంచి మొదలుపెట్టి, బిందువు మీదుగా తిరిగి, రెండో గీత వెంట చంక దాకా కత్తిరించండి. చంక అంచున మాత్రం కాగితం ఊడిపోకుండా దారమంత వదలండి. మూడో గీతను పక్క నుంచి లోపలికి కత్తిరించి, బిందువు దగ్గర అలాగే దారమంత వదలండి. ఇప్పుడు పక్క భాగాన్ని మెల్లగా బయటికి జరపండి. బిందువు నుంచి కింది వరకు ఉన్న చీలికలో రెండు అంచులూ సమాంతరంగా, అంగుళం ఎడంగా నిలిచేలా అమర్చండి. పక్క కుట్టు వైపు చీలిక దానంతట అదే తెరుచుకొని కొత్త టక్కు అవుతుంది. మధ్య భాగం కింది అంచు కొంచెం పొట్టిగా మిగులుతుంది కాబట్టి దాన్ని అడ్డంగా కోసి, పక్క భాగంతో సమానమయ్యే వరకు కిందికి దించండి. ఖాళీల వెనుక వేరే కాగితం అంటించి, అంచులు చక్కగా కలిపి గీయండి. నడుము దగ్గర పెరిగిన అంగుళాన్ని కింది టక్కులోకి తీసుకుంటే, నడుం పట్టీ ఎప్పటిలాగే సరిపోతుంది.

మొదటిసారి చేసినప్పుడు దీనికి ఒక పూట పడుతుంది. కానీ ఈ కాగితాన్ని దాచుకుంటే ఆ తర్వాత ఎన్ని జాకెట్లు కుట్టినా మళ్లీ ఈ పని ఉండదు. మా అమ్మ గోడ క్యాలెండర్ల దళసరి కాగితాల వెనుక జాకెట్టు భాగాలు గీసి, కత్తిరించి, చిల్లు పొడిచి, మేకుకు వేలాడదీసి ఉంచేది. ప్రతి కాగితం మీద కొలతలు, తేదీ, ఎవరికో రాసి ఉండేవి. నా పెళ్లికి ముందు గీసిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

చేతులు ఎత్తితే జాకెట్టు పైకి లేవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సరిచేయబోయి చాలామంది ఇంకా చెడగొట్టుకుంటారు. చంక దగ్గర ఇబ్బందిగా ఉంటే వెంటనే చంకను ఇంకా కిందికి కోస్తారు. నిజానికి చంక రౌండు ఎంత కిందికి దిగితే చేయి ఎత్తినప్పుడు పక్క భాగం అంత పైకి లాగబడుతుంది. చేయి కదలికకు కావలసిన గుడ్డ పక్క కుట్టులో నుంచి వెళ్లాలి కదా. చంక రౌండు ఒంటికి దగ్గరగా, అంటే చంక కింద ఒక వేలు మాత్రమే పట్టేంత ఎత్తులో ఉన్నప్పుడే చేయి హాయిగా కదులుతుంది. మీరు 38 సైజు వాడినందువల్ల చంక కిందికి దిగిపోయి ఉంటుంది. 36కు మారితే ఇది కూడా చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకొక మాట. మీది వెనుక మెడ లోతుగా ఉన్న జాకెట్టయితే, సైజు సరిపోయినా భుజం జారుతుంది. వెనుక మెడ ఎంత లోతుగా తీస్తే భుజాలను దగ్గరికి పట్టి ఉంచే గుడ్డ అంత తగ్గుతుంది. అందుకే అనుభవమున్న దర్జీలు మెడ లోతు పెంచినప్పుడు భుజం కొలతను పావు నుంచి అర అంగుళం తగ్గించి, మెడ వెడల్పు కూడా తగ్గిస్తారు. లోతూ వెడల్పూ రెండూ కావాలంటే వెనుక నాడా పెట్టుకోక తప్పదు.

కొత్త కాగితంతో నేరుగా మంచి గుడ్డ కోయకండి. కోరా గుడ్డ మీదో, పాత నూలు చీర మీదో ఒకసారి పెద్ద కుట్లతో కచ్చాగా కుట్టి, హుక్కులకు బదులు గుండుసూదులు పెట్టి వేసుకోండి. లోపల ప్రతిరోజూ వేసుకునే బాడీయే వేసుకోవాలి. అది మారితే కొలతలు మారతాయి. చేతులు ఎత్తి చూడండి, కూర్చొని చూడండి, కొంగు భుజాన వేసుకొని చూడండి. ముడతలు ఎటు చూస్తున్నాయో ఆ వైపే ఇబ్బంది ఉంటుంది. పాయింటు దగ్గర నుంచి చంక వైపు ఏటవాలు ముడతలు పడితే అక్కడ ఇంకా గుడ్డ కావాలని అర్థం. వెనుక మెడ కింద అడ్డంగా మడత పడితే నమూనాలోని భుజాల వాలు మీ భుజాలకు ఎక్కువైందని అర్థం; భుజం కుట్టును చేతి వైపు కొంచెం పైకి తీసుకోవాలి. ఏ మార్పు చేసినా వెంటనే కాగితం మీద కూడా గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: మా అత్తగారు ఈ కాగితాలన్నీ ఎందుకు, కుదిరిన జాకెట్టు ఒకటి పరిచి దాని మీద గీసుకుంటే చాలదా అంటున్నారు. ఆవిడ అలాగే కుట్టేవారట. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, టి. నగర్

జవాబు: మీ అత్తగారు చెప్పిన పద్ధతి చిన్నదేమీ కాదు. మన ఇళ్లలో కొలత జాకెట్టు, కొన్ని ప్రాంతాల్లో ఆది జాకెట్టు అంటారు. ఇక్కడి తమిళ దర్జీలు కూడా ముందు అడిగేది 'అళవు జాకెట్' తెచ్చారా అనే. పొడవు, చేతి పొడవు, చేతి చుట్టుకొలత, మెడ లోతు, నడుము వీటికి కొలత జాకెట్టును మించిన ఆధారం లేదు. ఎందుకంటే అది మీ ఒంటి మీద కుదిరి చూపించిన కొలత.

అయితే దాన్ని పరిచి చుట్టూ గీస్తే రెండు విషయాలు తప్పిపోతాయి. ఒకటి, టక్కులు వేసిన ముందు భాగం గిన్నెలా ఉంటుంది. దాన్ని బల్లపరుపుగా నొక్కి గీస్తే లోపలి గుడ్డ లెక్కలోకి రాదు. రెండు, చాలా రోజులు వాడి ఉతికిన జాకెట్టులో ఏటవాలుగా కోసిన భాగాలు, ముఖ్యంగా మెడ, చంక సాగి ఉంటాయి. సాగిన చంకను కొలతగా తీసుకుంటే కొత్త జాకెట్టు అంతకంటే వదులుగా వస్తుంది. కాబట్టి రెండు పద్ధతులనూ కలపండి. దళసరి దుప్పటి మీద కాగితం పరిచి, దానిపై కొలత జాకెట్టు వెనుక భాగాన్ని గుండుసూదులతో నిలిపి, కుట్టు వెంబడి సూదితో కాగితంలోకి చిల్లులు పొడవండి. ఆ చిల్లులను కలిపితే వెనుక భాగం దొరుకుతుంది. దాన్ని అచ్చు నమూనా మీద పెట్టి తేడా ఎక్కడెక్కడ ఉందో చూడండి. ముందు భాగం ఆకారం, టక్కులు, చంక వంపు అచ్చు నమూనా నుంచి తీసుకొని, పొడవులు, మెడ మీ జాకెట్టు నుంచి తీసుకోండి. అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకొని చేయండి. ఏ చోట ఎంత సాగిందో గుడ్డ వేలితో పట్టి చెప్పగలిగే చేతులవి.

అచ్చు నమూనాల్లో నాకు నచ్చని సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. వాటిలో కుట్లకు వదిలే గుడ్డ సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్లు, అంటే అర అంగుళానికి కొంచెం ఎక్కువ. కొన్నింటిలో, ముఖ్యంగా బుర్దా పత్రికతో వచ్చే కాగితాల్లో, అది కూడా ఉండదు, మనమే కలుపుకోవాలి. మన జాకెట్లకు ఇది సరిపోదు. మన ఇళ్లలో జాకెట్టు ఒక ఏడాది బట్ట కాదు. ఒళ్లు వచ్చినప్పుడు, పురుడు అయినప్పుడు పక్క కుట్టు ఒకటి విప్పుకుంటాం. తగ్గితే మళ్లీ వేసుకుంటాం. అందుకే పక్క కుట్ల దగ్గర, చేతి లోపలి కుట్టు దగ్గర అంగుళం నుంచి అంగుళంన్నర గుడ్డ వదిలి, అరంగుళం ఎడంతో రెండు మూడు కుట్లు వేయడం మన వాళ్లకు అలవాటు. నమూనా ఎక్కడిదైనా ఈ అలవాటును వదులుకోవద్దు. పక్కల, చేతుల దగ్గర మాత్రమే ఇలా వదలండి. మెడకూ, చంక రౌండుకూ ఎక్కువ వదిలితే వంపు దగ్గర ముద్దగా తయారవుతుంది.

ప్రశ్న: విదేశీ నమూనా కాగితం మీద 'బ్లౌజు' అని ఉంటే నా సైజే కొన్నాను. కుట్టాక చొక్కాలా వచ్చింది.
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: అక్కడ బ్లౌజు అంటే స్త్రీలు స్కర్టు మీదో, ప్యాంటు మీదో వేసుకునే వదులైన పై చొక్కా. దానికి ఛాతీ కొలతకు మించి మూడు నాలుగు అంగుళాల లూజు ఇస్తారు. మన చీర జాకెట్టుకు అర అంగుళం నుంచి అంగుళం మించి ఇవ్వం. నమూనా మీద శరీరం కొలతతో పాటు కుట్టిన తర్వాత బట్ట కొలత కూడా అచ్చు వేసి ఉంటే, కొనే ముందు ఆ రెండింటి తేడా చూడండి. చీర జాకెట్టుకు ప్రత్యేకంగా గీసిన నమూనా తీసుకోవడమే మేలు. మీ చొక్కా కుట్టు బాగుంటే విప్పకండి, ఇంట్లో వేసుకోవచ్చు.

ప్రశ్న: కంప్యూటరులో కొన్న నమూనాను దుకాణంలో ప్రింటు తీయించి, కాగితాలు అతికించి కోశాను. 36 సైజు అయినా నాకు బిగువైంది.
– ఒక పాఠకురాలు, తాంబరం

జవాబు: దుకాణంలో కాగితానికి సరిపోయేలా కుదించి ప్రింటు తీసి ఉంటారు. అమెరికా కాగితం మన ఏ4 కంటే కొంచెం వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ఆ కాగితం కోసం తయారైన పుటను ఏ4 మీద పట్టించాలంటే నూటికి సుమారు మూడు వంతులు తగ్గుతుంది. అంతమాత్రానికే 36 అంగుళాలు 35కు దగ్గరపడతాయి. నమూనా మొదటి పుటలో పరీక్ష చదరం ఒకటి ఉంటుంది. ఆ ఒక్క పుటను 100 శాతం కొలతలో ముందుగా తీయించి, స్కేలుతో చదరాన్ని రెండు వైపులా కొలిచి, సరిగ్గా ఉంటేనే మిగతావి తీయించండి.

ప్రశ్న: మా అమ్మ కంచిపట్టు చీర నుంచి తీసిన జాకెట్టు గుడ్డ 80 సెంటీమీటర్లు ఉంది. అంచు చేతుల మీదకు రావాలి. నమూనా కాగితం మీద బాణం గుర్తు నిలువు పోగు వెంట పెట్టమంటోంది. అలా పెడితే అంచు చేతి కిందికి రాదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సౌకార్‌పేట

జవాబు: ఆ బాణం ఎందుకుందో ముందు చెబుతాను. మగ్గం మీద బిగించి పట్టిన నిలువు పోగులు పడుగు, అడ్డంగా నేసినవి పేక. బిగువుగా నిలిచిన పడుగు తక్కువ సాగుతుంది, పేక కొంచెం సాగుతుంది, ఏటవాలుగా లాగితే గుడ్డ అన్నిటికంటే ఎక్కువ సాగుతుంది. జాకెట్టు నిలువు, పడుగు ఒక దారిలో ఉంటే బట్ట ఒంటి మీద వాలిపోకుండా నిలుస్తుంది. ముందు భాగాన్ని ఏటవాలుగా కోసే క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అంటినట్టు ఉండడానికి కారణమూ ఈ సాగుడే.

చీర అంచు పడుగు వెంటే ఉంటుంది. కాబట్టి అంచు చేతి చివరకు రావాలంటే చేతి ముక్కను అడ్డం తిప్పి పెట్టక తప్పదు, అప్పుడు చేతి నిలువు పేక వెంట పడుతుంది. పట్టు జాకెట్లలో తరతరాలుగా అందరూ చేస్తున్నది ఇదే, దీనివల్ల నష్టం లేదు. ఎందుకంటే లోపల వేసే లైనింగును బాణం ప్రకారమే కోస్తాం. ఆకారాన్ని నిలిపేది ఆ లైనింగే. మీరు చేయవలసిందల్లా ముందుగా చేతులు కోసి, మిగిలిన గుడ్డలో వెనుక భాగం, తర్వాత ముందు భాగాలు సర్దుకోవడం. 80 సెంటీమీటర్లలో ముందు భాగాలు ఏటవాలుగా పట్టకపోవచ్చు. అప్పుడు నిలువుగానే కోయండి. నడుం పట్టీ లోపలి పొరకు, హుక్కుల పట్టీ లోపలి వైపుకు పట్టు అక్కరలేదు, లైనింగు గుడ్డ చాలు.

చేతులు కోసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా అమ్మ చీరకే, అంచు వరుస కలవాలని గుడ్డ మడవకుండా చేతులు ఒక్కొక్కటిగా కోశాను. నమూనాను తిరగేయకుండా రెండోసారి కూడా అలాగే పెట్టడంతో రెండూ కుడి చేతులే వచ్చాయి. చేతి పై వంపు ముందు వైపు లోతుగా, వెనుక వైపు తక్కువ లోతుగా ఉంటుంది కాబట్టి తిప్పి కుట్టడానికి వీలుపడలేదు. ఆ గుడ్డ మళ్లీ దొరికేది కాదు. రెండో చేతికి కాగితాన్ని తప్పకుండా బోర్లించి పెట్టాలి. అచ్చు నమూనాల్లో చేతి వంపు మీద ముందు వైపు ఒక గాటు, వెనుక వైపు రెండు గాట్లు సాధారణంగా ఉంటాయి. కోయడానికి ముందే ఆ గుర్తులు గుడ్డ మీద చాక్‌పీసుతో వేసుకుంటే ఈ పొరపాటు కంటికి కనిపిస్తుంది.

పట్టు మీద సూది పడిన చోట గుర్తు నిలిచిపోతుంది. అందువల్ల గుండుసూదులు కుట్లకు వదిలిన గుడ్డలోనే గుచ్చండి, కుట్టు విప్పవలసిన అవసరం రాకుండా లైనింగు మీద ముందే సరిచూసుకోండి. మిషనుకు 11 నంబరు సూది వేయండి. నూలుకు వాడే 14 నంబరు సూది పట్టులో పోగులు లాగుతుంది. ఇస్త్రీ జరీ మీద నేరుగా పెట్టకుండా, నడుమ పలుచని గుడ్డ వేసి తక్కువ వేడితో చేయండి.

లైనింగు సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే పట్టు జాకెట్లు పాడయ్యేది ఎక్కువగా దానివల్లే. నూలు లైనింగును కోయడానికి ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. నానబెట్టకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి, పైనున్న పట్టు బుడగల్లా లేస్తుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. రోజువారీ జాకెట్లకు వాడే టూ బై టూ గుడ్డకూ ఇదే నియమం. పట్టును మాత్రం నానబెట్టకూడదు.

ప్రశ్న: చేతిని చంకకు కలిపేటప్పుడు ప్రతిసారీ చేతి గుడ్డ ఎక్కువ మిగులుతోంది. మిగిలినదాన్ని కత్తిరించేస్తున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: కత్తిరించవద్దు. చేతి పై వంపు చంక రౌండు కంటే అర అంగుళం నుంచి అంగుళం వరకు ఎక్కువ ఉండేలాగే గీస్తారు. భుజం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ గుడ్డ అక్కడ కావాలి. వంపు పైభాగంలో కుట్టు గీతకు ఇవతల పెద్ద కుట్లతో ఒక వరుస వేసి, దారం కొసను మెల్లగా లాగి, కుచ్చులు కనిపించకుండా గుడ్డను కూర్చండి. భుజం కుట్టును చేతి నడిమి గుర్తుతో, ముందు గాటును ముందు గాటుతో కలిపి సూదులు పెట్టి, చేతి వైపు కింద ఉండేలా మిషను మీద వేయండి. కింది పొరను మిషను పళ్లు కొంచెం ఎక్కువ లాక్కొంటాయి కనుక ఎక్కువ గుడ్డ సర్దుకుంటుంది. అంగుళం కంటే ఎక్కువ మిగులుతుంటే మాత్రం మీ చేతి ముక్క మరో సైజుదై ఉండవచ్చు. టేపును అంచు మీద నిలబెట్టి రెండు వంపులనూ కుట్టు గీత వెంబడి కొలిచి చూడండి.

ప్రశ్న: చెన్నై ఉక్కకు జాకెట్టు చంకలు త్వరగా చిరుగుతున్నాయి, హుక్కుల దగ్గర తుప్పు మరకలు పడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, తిరువొత్తియూరు

జవాబు: సముద్రపు గాలి, చెమట రెండూ కలిసే చోట ఉన్నారు కనుక మీకు ఈ ఇబ్బంది ఎక్కువే. చంక చిరగడానికి చెమటతో పాటు బిగువు కూడా కారణం. పక్క కుట్టు, చేతి కుట్టు కలిసే చోట నాలుగు పొరలు ఒకదాని మీద ఒకటి పడి, ఆ ఒక్క బిందువు మీదే లాగుడంతా ఉంటుంది. అక్కడ లోపలి వైపు రెండు అంగుళాల చదరపు నూలు గుడ్డను ఏటవాలుగా కోసి అతుకుగా వేయండి. ఏటవాలు గుడ్డ సాగుతుంది కాబట్టి లాగుడు అది పంచుకుంటుంది. జాకెట్టు విప్పగానే చంకల వరకైనా నీళ్లలో జాడించి ఆరేయండి. చెమట ఆరి నిలిచిపోతే నూలు పోగు పెళుసుబారుతుంది.

హుక్కులు ఇనుపవి కాకుండా ఇత్తడివి వాడండి. మన చెన్నైలోని ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో, గోడౌన్ స్ట్రీటు చుట్టుపక్కల గుడ్డ కొనడానికి వెళ్లినప్పుడు, కుట్టు సామాను అమ్మే చిన్న దుకాణాల్లో అడిగి చూడండి. దుకాణంలోనే చిన్న అయస్కాంతం ఆనించండి; అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. పాత జాకెట్ల హుక్కులు కూడా ఒకసారి విప్పి మార్చండి. తుప్పు మరక మీద నిమ్మరసం, ఉప్పు రాసి కొంతసేపు ఉంచి ఉతికితే నూలు గుడ్డ మీద చాలావరకు పోతుంది, రంగు గుడ్డయితే ముందుగా లోపలి మార్జిన్ మీద కొంచెం రాసి చూడండి. కొత్త హుక్కులు కుట్టేటప్పుడు మొదటిది సరిగ్గా పాయింటు ఎత్తులో పెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ అంగుళం ఎడంగా మిగతావి పెట్టండి. అలా పెడితే ముందు వైపు నోరు తెరుచుకోదు.